జామాయిల్ ఇండెంటు రాసే ముందు గుంత తవ్వి చూడండి: దక్షిణ తెలంగాణ గ్రామ పంచాయతీలకు బహిరంగ లేఖ

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లకు నమస్కారాలు.

వచ్చే వానకాలానికి నర్సరీ సంచులు నింపడం కార్తీకం దాటాక మొదలవుతుంది. ఏ మొక్క ఎన్ని కావాలో కాగితం మీద పెట్టేది అంతకంటే ముందే. ఆ కాగితంలో చాలా ఊళ్లలో ‘నీలగిరి’ అనో ‘జామాయిల్’ అనో ఒక గీత పడుతుంది. దాని పక్కన ఏ జాతి, ఏ క్లోను (ఒకే తల్లి చెట్టు ముక్కల నుంచి పెంచిన మొక్క), ఏ సర్వే నంబరు అన్న వివరం ఉండదు. ఈ లేఖ ఆ ఖాళీ గురించే. జామాయిల్ రాక్షసి అని గానీ, కల్పవృక్షం అని గానీ చెప్పడానికి రాయడం లేదు. ఆ రెండు మాటలూ మీరు ఇప్పటికే చాలాసార్లు విని ఉంటారు.

ముందు పేరు సంగతి. నీలగిరి, జామాయిల్ రెండూ యూకలిప్టస్ చెట్టు పేర్లే. నల్లగొండకే ఒకప్పుడు నీలగిరి అని పేరు. దానికీ ఈ చెట్టుకూ సంబంధం లేదు. చెట్టుకు ఆ పేరు తమిళనాడు నీలగిరి కొండల నుంచి వచ్చింది. ఊటీ చుట్టుపక్కల 19వ శతాబ్దం మధ్య నుంచి పెంచుతున్నది యూకలిప్టస్ గ్లోబ్యులస్. మందుల షాపుల్లో దొరికే నీలగిరి తైలానికి పేరు తెచ్చింది ఆ జాతే. అది చల్లటి కొండల చెట్టు, మన ఎండకు నిలవదు. మన చల్కల్లో, రోడ్ల పక్కన ఉన్నవి యూకలిప్టస్ టెరిటికార్నిస్, యూకలిప్టస్ కమాల్డ్యులెన్సిస్, ఈ రెండింటి సంకరాలు. బెంగళూరు దగ్గరి నందికొండ మీద టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో, నాటించిన చెట్ల సంతానమే ‘మైసూర్ గమ్’ పేరుతో దక్షిణాది అంతా పాకింది. ఎవరైనా మీ ఊరికి వచ్చి ‘ఆకు నుంచి తైలం తీసి అమ్ముకోవచ్చు’ అని మొక్కలు అంటగట్టబోతే మొదట అడగాల్సింది జాతి పేరు. మైదానపు జామాయిల్ ఆకులో నూనె తక్కువ, అదీ చెట్టు చెట్టుకూ మారుతుంది. దాన్ని నమ్ముకుని బట్టీ పెడితే కట్టెల ఖర్చు కూడా తిరిగి రాదు. ఆకు నలిపితే నిమ్మ వాసన వచ్చే చెట్టు మరొకటి. దాని నూనెలో ఉండేది సిట్రొనెల్లాల్. 1995లో దాన్ని యూకలిప్టస్ నుంచి విడదీసి కొరింబియా అనే ప్రజాతిలో చేర్చారు.

మన దగ్గరున్న టెరిటికార్నిస్, కమాల్డ్యులెన్సిస్ రెండింటినీ పోల్చుకోవడం కష్టమేమీ కాదు. మొగ్గ చూడండి. ఈ పువ్వుకు విడిగా రేకులు కనిపించవు. మొగ్గ మీద ఒక టోపీ ఉంటుంది, అది ఊడి పడ్డాక తెల్లటి కేసరాలు కుచ్చులా విచ్చుకుంటాయి. ‘బాగా కప్పబడినది’ అనే అర్థంలో 1788లో యూకలిప్టస్ అన్న పేరు పెట్టింది ఆ టోపీని చూసే. టెరిటికార్నిస్ టోపీ పొడవుగా కొమ్ములా ఉంటుంది. కమాల్డ్యులెన్సిస్‌ది పొట్టిది, కొసన పిట్ట ముక్కులా మొన తేలి ఉంటుంది. గింజతో కూడా తేల్చుకోవచ్చు: మొదటిదాని గింజ నలుపు, రెండోదానిది పసుపు కలిసిన గోధుమ రంగు. లేత మొక్కకు వెడల్పాటి ఆకులు ఎదురెదురుగా వస్తాయి. పెద్దయ్యాక అవే కొడవలిలా సన్నబడి కిందికి వేలాడతాయి. మధ్యాహ్నపు ఎండ ఆకు అంచుకు తగులుతుంది తప్ప మొహానికి తగలదు. అందుకే దీని కింద నీడ పలుచన. బడి ఆవరణలో నీడ కోసం జామాయిల్ పెట్టించిన వాళ్లు ఈ ఒక్క సంగతి చూసుకోలేదు. పైగా కొమ్మలు పెళుసు, గాలిదుమారానికి విరిగి పడతాయి. బడి, బస్టాప్, కరెంటు తీగల దగ్గర దీన్ని పెట్టకూడదు. జామ, నేరేడు, లవంగం కుటుంబమే ఇది, కానీ ఆ చుట్టాల గుణం నీడ విషయంలో దీనికి రాలేదు.

ఇది మన పంచాయతీల్లోకి ఇంతగా ఎందుకు వచ్చిందో కూడా దాచుకోనక్కర్లేదు. మేక తినదు, ఆవు ముట్టదు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని బాధ్యత పెట్టింది. లెక్క చూపించాల్సిన కార్యదర్శికి మేక తినని మొక్కే దిక్కు. కంచె వేసే డబ్బు ఇవ్వకుండా బతుకు శాతం మాత్రమే అడిగితే ఎవరైనా ఇదే చేస్తారు. అయితే మేక తినని గుణమే గొల్ల కురుమలకు దెబ్బ. పొరంబోకు, బంచరాయి భూముల్లో జామాయిల్ నిండితే కింద రాలిన ఆకు తొందరగా కుళ్లదు, గడ్డి సరిగా మొలవదు. చేతికి మొక్కలు దక్కాయి, మందకు మేత పోయింది.

ఇక నీళ్లు.

‘జామాయిల్ భూమిలో నీళ్లన్నీ తాగేస్తుంది’ అన్న మాటలో కొంత నిజం, కొంత గోల. 1980ల చివర్లో మొదలుపెట్టి కర్ణాటకలో బ్రిటన్, భారత శాస్త్రవేత్తలు కలిసి కొన్నేళ్లు కొలతలు తీశారు. నేల లోతు తక్కువ ఉన్నచోట జామాయిల్ తోట, పక్కనున్న సహజ అడవి దాదాపు ఒకే మోతాదులో నీళ్లు వాడాయి. రెండూ పడిన వాన మేరకే వాడాయి. కానీ బెంగళూరు పక్కన హోస్కోటెలో, మట్టి లోతుగా ఉన్నచోట, లెక్క తిరగబడింది. అక్కడ వేళ్లు ఏడాదికి సుమారు రెండున్నర మీటర్ల చొప్పున దిగాయి, 8 మీటర్ల లోతున కూడా కనిపించాయి. కరువేళ్లలో చెట్లు పడిన వాన కంటే ఎక్కువ నీళ్లు తోడుకున్నాయి. పాత వానలకు మట్టి దాచుకున్న నీళ్లు అవి. రాగి చేనుతో పోలిస్తే తోట వాడకం దాదాపు రెట్టింపు.

ఈ ఫలితాన్ని మన నేలకు తెచ్చి చూడండి. మహబూబ్‌నగర్‌లో ఏడాది వాన 600 మిల్లీమీటర్లు అటూ ఇటూ, నల్లగొండలో కాస్త ఎక్కువ. మనది గ్రానైటు రాయి. పైన చల్క, కింద మొరం, ఆ కింద గట్టి బండ. ఇలాంటి నేలలో వానలో దాదాపు పదో వంతు మాత్రమే భూగర్భానికి చేరుతుందని భూగర్భ జలాల అంచనాల్లో లెక్క వేస్తారు. మట్టిలో బంక ఎక్కువైతే ఇంకా తక్కువ. 600లో పదో వంతు 60 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి సుమారు 2 లక్షల 40 వేల లీటర్లు. వానంతా చెట్టే వాడుకునే చోట ఈ పదో వంతు ముందు పోతుంది, ఎందుకంటే బావికి చేరేది చెట్టు తాగగా మిగిలినదే. యాభై ఎకరాల తోట చెరువు పైభాగాన ఉంటే ఏడాదికి కోటి ఇరవై లక్షల లీటర్లు కింది బావులకు, బోర్లకు తగ్గినట్టు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. యాసంగి వరికి ఎకరం మీద 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టే ఊళ్లో, బోర్లు ఎండిపోవడానికి రోడ్డు పక్క ఇరవై జామాయిల్ చెట్లు కారణమంటే అది న్యాయం కాదు. గట్టు మీది వరసకూ కొండవాలు మీది యాభై ఎకరాలకూ తేడా ఉంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘జామాయిల్ మంచిదా చెడ్డదా’ కాదు, ‘ఈ సర్వే నంబరులో మట్టి ఎంత లోతు, కింద ఎవరి బావులున్నాయి’ అన్నది. చిక్కు ఎక్కడుందంటే, చెట్టు బాగా పెరిగే చోటే బావికి ఎక్కువ భయం. చెట్టు గిడసబారే చోట బావికి పెద్ద తేడా రాదు గానీ పెట్టినవాడి డబ్బు పోతుంది.

ఇది తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నాటాలనుకున్న భూమిలో పైభాగాన ఒకటి, నడుమ ఒకటి, పల్లంలో ఒకటి, ఆరడుగుల లోతు గుంతలు మూడు తవ్వించండి. జేసీబీకి పూట పని కూడా కాదు. రెండడుగుల లోపే గట్టి మొరం గానీ బండ గానీ తగిలితే అక్కడ జామాయిల్ వద్దు. మొదటి రెండేళ్లు పచ్చగా కనిపిస్తుంది, మూడో ఎండాకాలం నుంచి కొసలు ఎండుతాయి, నాలుగో ఏట చూస్తే పందిరి గుంజకు తప్ప పనికిరాని కట్టె ఉంటుంది. దేవరకొండ, చండూరు, కల్వకుర్తి, నారాయణపేట వైపు ఎర్ర దుబ్బల్లో చాలా చోట్ల తగిలేది ఇదే. ఆరడుగుల వరకు మెత్తటి మట్టే ఉంటే చెట్టు ఏపుగా పెరుగుతుంది. అప్పుడు చూడాల్సింది వాలు ఎటు అన్నది. ఆ వాలు చెరువులోకి గానీ తాగునీటి బోరు వైపు గానీ ఉంటే వద్దు. మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుకు పైన, ఫీడరు కాల్వ వెంట ఈ మొక్క పెట్టడం ఒక చేత్తో తీసిన పూడికను ఇంకో చేత్తో నింపినట్టే. చెరువు కట్ట మీద ఏ పరిస్థితిలోనూ వద్దు. చెట్టు కొట్టాక వేరు కుళ్లి కట్టలో సొరంగం పడుతుంది, బుంగ అక్కడే మొదలవుతుంది.

మరి ఎక్కడ? నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ వైపు, కాల్వ ఊటతో జాలువారి చౌడు తేలిన తునకలున్నాయి. వరి ఎర్రబడి, చివరికి నాగలి కూడా దిగని చోట్లు. కమాల్డ్యులెన్సిస్ ఆస్ట్రేలియాలో ఏటి ఒడ్డు చెట్టు. కొన్నాళ్లు నీళ్లు నిలిచినా, కొంత ఉప్పు ఉన్నా ఓర్చుకుంటుంది. రాజస్థాన్‌లో ఇందిరాగాంధీ కాల్వ వెంబడి ఊటనీళ్లు తగ్గించడానికి దీన్నే నాటారు. అక్కడ దాని దాహమే మనకు కూలీ లేని మోటారు. జామాయిల్ గురించి మనకున్న ఫిర్యాదు, దానికున్న గొప్ప ఉపయోగం రెండూ ఒకటేనని ఇక్కడ తెలుస్తుంది. కొంచెం ఉప్పు అన్నాం గానీ, తెల్లటి పొర పేరుకున్న నేలలో ఇదీ బతకదు. సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందని గుర్తు. యూరియా చల్లితే తగ్గేది కాదు.

సరైన చోటు దొరికి, పంచాయతీ గానీ రైతు గానీ పెట్టాలనుకుంటే, సగం సగం పని చేయొద్దు. ఊరి చెట్ల కింద గింజలు ఏరి సంచుల్లో పోయడం మానేయండి. ఇవి సంకరాలు. గింజతో వచ్చిన తోటలో ఒక చెట్టు తాటిచెట్టంత, పక్కది కంది కట్టెంత ఉండటానికి కారణం ఎరువు కాదు, పుట్టుక. క్లోను మొక్కలే తీసుకోండి. భద్రాచలం కాగితపు మిల్లు వాళ్లు 1989 నుంచి ఎంపిక చేసి పెంచిన క్లోన్లకు నంబర్లుంటాయి: 413, 526, 7, 3 ఇలా. మొక్క ఇచ్చేవాళ్లు నంబరు చెప్పలేకపోతే అది క్లోను కాదనే అనుకోండి. ఒక్క నంబరుతోనే తోటంతా నింపొద్దు, కనీసం మూడు పెట్టండి. తల్లి ఒకటే అయినప్పుడు ఒకదానికి వచ్చిన తెగులు అన్నింటికీ వస్తుంది.

క్లోను మొక్క ఎలా తయారవుతుందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు. తల్లి చెట్టును మొదలు దగ్గర కోస్తారు. నెలన్నర, రెండు నెలల్లో వచ్చిన లేత చిగుళ్ల నుంచి ఒక జత ఆకులున్న ముక్కలు తీస్తారు, ఆకును సగానికి కత్తిరిస్తారు. వేరు పుట్టించే ఐబీఏ పొడిలో ముక్క కింది కొసను అద్ది, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పొట్టు నింపిన రూట్ ట్రెయినర్లలో (వేరు నిలువుగా దిగేలా చేసిన ప్లాస్టిక్ గొట్టాల్లో) గుచ్చి, పొగమంచులా నీళ్లు చిమ్మే గదిలో పెడతారు. సుమారు నెలకు వేరు వస్తుంది. ముదురు కొమ్మకు ఆ శక్తి ఉండదు కనుకనే ముందు చెట్టును కోసేది. తర్వాత నీడలో, ఆపైన ఎండలో గట్టిపరచాలి. ఈ చివరి దశను ఎగ్గొట్టిన మొక్క నర్సరీలో నిగనిగలాడుతుంది, పొలంలో వారానికే వాడిపోతుంది. నల్ల ప్లాస్టిక్ సంచిలో ఆర్నెల్లు దాటిన మొక్క అసలే వద్దు. అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. నాటాక ఆ చుట్ట విప్పుకోదు, మూడో ఏట గాలికి చెట్టు మొదలంటా ఒరుగుతుంది.

గుంతలు ఎండాకాలంలోనే తీయాలి, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. వరసకూ వరసకూ 3 మీటర్లు, మొక్కకూ మొక్కకూ 2 మీటర్లు పెడితే ఎకరానికి సుమారు 670 పడతాయి. మన వానలకు అంతకంటే దగ్గరగా వద్దు. ఒక్కో గుంతలో పైమట్టితోపాటు రెండు మూడు కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, వంద గ్రాముల వేపపిండి వేయండి. మాగని పేడ వేస్తే చెదలను పిలిచినట్టే. మన చల్కల్లో తొలి ఏడాది మొక్కలు చచ్చేది ఎక్కువగా చెదలతోనే. మృగశిర తొలి జల్లుకే తొందరపడొద్దు. రెండు గట్టి వానలు పడి, జానెడున్నర లోతు వరకు మట్టి చేతికి ముద్దయ్యాక నాటండి. చచ్చినచోట తిరిగి నాటడం నెలలోపు అయిపోవాలి. ఆలస్యంగా పెట్టినవి పెద్దవాటి నీడలో ఎప్పటికీ లేవవు. మొదటి రెండేళ్లు మొక్క చుట్టూ మీటరు మేర గడ్డి ఉండకూడదు. గడ్డితో పోటీపడటం ఈ మొక్కకు చాతకాదు, పెద్దయ్యాక ఎంత పెత్తనం చేసినా. తొలి ఏడు మధ్యలో పెసర, వేరుశనగ వేసుకోవచ్చు.

పక్కవాడి చేను గురించి: సరిహద్దు వెంబడి అడుగున్నర వెడల్పు, మూడడుగుల లోతు కందకం తీసి, ఏటా ఎండాకాలంలో తిరిగి తవ్వితే పైవేళ్లు తెగుతాయి. ఒకసారి తవ్వి వదిలేసిన కందకం రెండో ఏడు నుంచి లెక్కలోకి రాదు. పంచాయతీలకు వచ్చే గట్టు తగాదాల్లో ఈ షరతు రాయిస్తే చాలావరకు తెగుతాయి.

ఆకు ఈనెల మీద, తొడిమల మీద బొడిపెలు కనిపిస్తే అది లెప్టోసైబ్ ఇన్వేసా అనే చిన్న కందిరీగ పని. 2001 ప్రాంతంలో మన దేశంలో బయటపడింది. ఆడపురుగు లేత కణజాలంలోనే గుడ్లు పెడుతుంది, పిల్ల బొడిపె లోపల ఉంటుంది, కాబట్టి పైన మందు కొడితే దానికి తగలదు. నర్సరీలో బొడిపె ఉన్న కొమ్మలు తుంచి కాల్చడం, తట్టుకునే క్లోను ఎంచుకోవడం, ఇవే దారి. బొడిపెలున్న ట్రేను లారీ ఎక్కించనివ్వొద్దు.

కోత సాధారణంగా నాలుగైదేళ్లకు. నేల నుంచి నాలుగైదు అంగుళాల ఎత్తులో, నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా, రంపంతో కోయాలి. గొడ్డలి దెబ్బకు బెరడు చీలి విడిపోతే చిగురు బలహీనంగా వస్తుంది. మోడు నుంచి పుట్టే పదీ పదిహేను పిలకల్లో ఎదురెదురుగా ఉన్న బలమైన రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. బెరడు కోసిన రోజో మర్నాడో ఒలిచేయాలి, ఆరితే కర్రకు అంటుకుపోతుంది. తూకానికి అమ్మే కర్ర రోజురోజుకూ బరువు తగ్గుతుంది, పచ్చి కర్రలో సగం దాకా నీళ్లే. లారీ మాట్లాడుకున్నాకే రంపం పట్టించండి. సారపాకలో ఉన్న ఆ భద్రాచలం మిల్లు నల్లగొండకు రెండు వందల కిలోమీటర్ల పైన, పాలమూరుకు మూడు వందల పైన ఉంది. భద్రాద్రి వానకు, నేలకు వచ్చే దిగుబడి చూపించి, మన చల్కలో లాభం లెక్కగట్టే కరపత్రాలను ఆ దూరంతో కలిపి చదవండి. మన దగ్గర నిజంగా అడిగేవి సెంట్రింగ్ కర్రలు, పందిరి గుంజలు, టమాట, బీర తీగలకు ఊతకర్రలు, ఇటుక బట్టీల కట్టె. తలుపులకు, కిటికీలకు అయితే ఈ కర్ర ఆరేటప్పుడు మెలి తిరిగి చీలుతుంది. చీలిక తగ్గాలంటే కోసిన వెంటనే రెండు కొసలకూ తారు పూసి నీడలో పేర్చాలి.

తైలం గురించి అంగన్‌వాడీలకు ఒక మాట. పసిపిల్లల ముక్కులో, నోట్లో నీలగిరి తైలం వేయడం ప్రమాదం. కొద్ది మోతాదు మింగినా ఫిట్స్ రావచ్చు. ఇంట్లో జామాయిల్ చెట్టుంటే దోమలు రావన్నది కూడా ఉత్త మాటే.

ఇప్పటికే ఉన్న పంచాయతీ తోటలను ఏం చేయాలి? కర్ణాటకలో 1983లో తుమకూరు జిల్లా రైతులు నర్సరీ మొక్కలు పీకేశారు, 2017లో అక్కడి ప్రభుత్వం కొత్తగా నాటడాన్నే నిషేధించింది. మన దగ్గర ఆవేశంగా నరికించిన చోట్ల జరిగిందేమిటంటే, మోడు చిగిర్చి రెండేళ్లలో మళ్లీ తోటయింది. నరకడం అంటే తీసేయడం కాదు. చెట్టు మొదలు దగ్గర ఉబ్బుగా ఉండే గడ్డలో, బెరడు కింద నిద్రపోయే మొగ్గలున్నాయి. జేసీబీతో ఆ గడ్డను అడుగు లోతు నుంచి పెకలిస్తేనే పని ముగుస్తుంది. అమ్మిన కర్ర డబ్బులో ఆ ఖర్చు ముందే పక్కన పెట్టి వేలం వేయండి. పెకలించాక తొలి వానకు ఎకరానికి పదిహేను కిలోల జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. మిగిలిన వేళ్లను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, నేరుగా జొన్నో పత్తో వేస్తే పసుపెక్కుతుంది. జనుము తర్వాత కంది బాగుంటుంది. బంచరాయి అయితే కానుగ, వేప, చింత, ఇప్ప. చెరువు చుట్టూ ఈత, నేరేడు, మద్ది. బాలానగర్ సీతాఫలం పుట్టిన జిల్లాలో రాతి గుట్టకు ఏం పెట్టాలో ఎవరో వచ్చి చెప్పాలా? దాని ఆకు కూడా మేక ముట్టదు.

మేము కోరేది ఇంతే. నర్సరీ ఇండెంటులో జామాయిల్ రాసేటప్పుడు జాతి, క్లోను నంబరు, సర్వే నంబరు, మూడు గుంతల్లో మట్టి లోతు, వాలున ఉన్న చెరువు లేదా బావి ఎంత దూరమో గ్రామసభ తీర్మానంలో రాయండి. నాటిన చోటికి దగ్గర్లోని ఒక బావిలో ఏటా మే నెలలో, నవంబరులో టేపు వదిలి నీటిమట్టం కొలిచి అదే రిజిస్టరులో ఎక్కించండి. కొలిచేవాళ్లు మారినా బావి మారకూడదు, ఒరమీద ఎక్కడి నుంచి టేపు వదిలారో అక్కడ రంగుతో గీత పెట్టండి.

ఇట్లు,
మొక్కల పెంపకం, నేల, నీటి సంరక్షణ పనుల్లో ఉన్న కొందరం
నల్లగొండ, మహబూబ్‌నగర్